బక్కమ్మ చెలిమె

బక్కమ్మ నవ్వితే చిన్నపిల్లలు ఏడ్చేవాళ్లు. పైవరుసలో ముందు పండ్లు ఆమెకు లేవు. అవి వయసు మీద పడి ఊడినవి కావు, కిందపడితే విరిగినవీ కావు. కులం పెద్దలంతా కూర్చుని చూస్తుండగా, కమ్మరి కొలిమి దగ్గర నుంచి తెచ్చిన పట్టకారుతో సొంత బావ బీరన్న పీకిన పండ్లవి.

దేవరకొండ అవతల రాళ్లగుట్టల నడుమ ఉండే బండగూడెంలో ఇది జరిగింది. ఊళ్లో జనం మొదటిసారి ఓట్లు వేసిన యేడు అది. నిజాం పోయాడు, కొత్త సర్కారు వచ్చింది. ఏ సర్కారు వచ్చినా బండగూడెంలో మాత్రం బాణామతి రాజ్యమే నడిచింది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఎవరో ఏదో చేశారనే అనుకునేవాళ్లు. చేసినవాళ్లెవరో వెతికేవాళ్లు. వెతికితే దొరికేది ఎప్పుడూ మొగుడు లేని ఆడదే. బాణామతి చేసేవాళ్ల ముందు పండ్లు పీకితే మంత్రం సరిగ్గా పలకదని, పలకని మంత్రం పారదని వాళ్ల నమ్మకం.

బీరన్న పెద్ద పహిల్వాన్. కురుమల్లో అంతటి కుస్తీవీరుడు ఆ చుట్టుపక్కల పుట్టలేదని పేరు. ఏ దంగల్‌లోనూ ఎవరి కిందా పడలేదు, ఏ దొర ముందూ వంగి దండం పెట్టలేదు. కరువు కాలంలో ఊరి బావి ఎండిపోతే, బండను తొలిపించి లోతు చేయించింది ఆయనే. జల పడింది. ఆ బావికి పహిల్వాన్ బావి అని పేరొచ్చింది. కుస్తీ పట్టి వచ్చి చెంబుల కొద్దీ ఆ నీళ్లు తాగి, తన బలమంతా ఆ నీళ్లదేనని మీసం మీద చెయ్యి వేసేవాడు. కొడుకు ఐలేశాన్ని కూడా ఆ నీళ్లతోనే పెంచాడు.

బక్కమ్మ మొగుడు ఆయన తమ్ముడే. జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. తన వాటా గొర్రెలనూ మేకలనూ తానే తోలుకుంటూ, ఏడాదిలో సగానికి పైగా గుట్టల మీదా కృష్ణ ఒడ్డునా మందతోనే తిరిగేది బక్కమ్మ. నోరు గట్టిది. ఒకసారి బీరన్న తన మందలోకి ఆమె పొట్టేలును కలిపేసుకుంటే, నడివీధిలో నిలబడి, "నీ నడుమిరుగ" అని తిట్టింది. ఆ దేశంలో ఆ తిట్టు తిట్టని నోరు లేదు. తల్లి కొడుకును తిడుతుంది, పెండ్లాం మొగుణ్ణి తిడుతుంది, గింజలు తిన్న కోడిని కూడా అదే మాట అంటారు. కోడి నడుము ఏనాడూ విరగలేదు.

ఆ యేడు జాతర దంగల్‌లో ఐలేశం ఓడిపోయాడు. ఓడినందుకు కాదు బాధ. ఎదుటివాడు మెడ మీద చెయ్యి వేస్తే ఐలేశం మెడ తిరగలేదు. కట్టెలా నిలబడిపోయాడు. ఎదుటివాడే భయపడి వదిలేశాడు. ఇంటికి తెచ్చి ఆముదం రాశారు, వేడి ఇటుకలతో కాపడం పెట్టారు, వాతలు కాల్చారు. మెడ తిరగలేదు, నడుము నొప్పి మొదలైంది. అప్పుడు ఎవరికో బక్కమ్మ తిట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చినవాడు ఊరుకున్నాడా? సాయంత్రానికి ఊరంతా అదే మాట.

కులపెద్ద మారయ్య పంచాయితీ పెట్టాడు. నేను తిట్టిన మాట నిజమే గానీ మంత్రం నాకేం తెలుసని బక్కమ్మ మొత్తుకుంది. ఆమె మాట ఎవరికీ పట్టలేదు. ఇద్దరు ఆమె చేతులు పట్టుకున్నారు. బీరన్న ముందుకొచ్చాడు. పీకేటప్పుడు కూడా ఆయన ఆమె మీదికి వంగలేదు. ఆమె తలనే జుట్టు పట్టి పైకెత్తాడు. అది ఆయన గర్వమని బక్కమ్మ మనసులో రాసుకుంది. ఆపైన కులం ఆమెకు నిప్పూ నీళ్లూ బందు చేసింది. ఊరి బయట గుట్ట కింద, వాగు పక్కన గుడిసె వేసుకుని మిగిలిన నాలుగు మేకలతో బతకమన్నారు.

బక్కమ్మ బతికింది. ఊరి బావి నీళ్లు తాగనివ్వలేదు గనుక వాగు ఇసుకలో చెలిమె తవ్వుకుంది. మోచేతి లోతు తవ్వితే నీళ్లు ఊరేవి. సొరబుర్రతో తోడుకునేది. తోడుతూ ఒక్కటే కోరిక కోరుకునేది. బీరన్న నలుగురిలో తన కాళ్లు మొక్కాలి. ఎవరి ముందూ వంగని ఆ మనిషి తన పాదాల దాకా వంగాలి. తప్పయిందని ఆ నోటితో అనాలి. అది చూసేదాకా చావనని గుట్ట మీది బీరప్పకు మొక్కుకుంది. దేవుడి దగ్గర ఇంత పగ అడగడం తప్పని ఎవరైనా అంటే, వాళ్ల పండ్లు వాళ్ల నోట్లోనే ఉన్నాయని అర్థం.

అయిదేళ్ల తర్వాత ఒక చలికాలంలో హైదరాబాద్ నుంచి జీపు వచ్చింది. ఒక డాక్టరు, ఇద్దరు మనుషులు, పెట్టెల నిండా సీసాలు. నల్లగొండ పల్లెల్లో జనానికి మెడలు, నడుములు పట్టేస్తున్నాయి, పిల్లల కాళ్లు వంకర్లు పోతున్నాయి, ఎందుకో కనుక్కోవడానికి వచ్చామన్నారు. బావి నీళ్లు పట్టుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మనిషికొక సీసా ఇచ్చి మూత్రం పోసి ఇమ్మన్నారు. గోళ్లు కూడా కత్తిరించి ఇమ్మన్నారు.

ఊరు ఊరంతా తలుపులు మూసుకుంది. గోళ్లూ, వెంట్రుకలూ, మూత్రమూ పోగుచేసేది ఎవరో బండగూడెంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఈ సూదిదొర పట్నం నుంచి జీపులో వచ్చి బాణామతి చేస్తున్నాడని వాళ్లు గట్టిగా నమ్మారు. కాదంటే సర్కారుకు కోపం వస్తుందేమోనని మారయ్య తెలివిగా తన బర్రె మూత్రం సీసాలో పట్టి ఇచ్చాడు. దాన్ని డాక్టరు దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాడట.

ఆ జీపు మనిషి ఒకడు పాల కోసం వాగు దగ్గరికి వచ్చి, ఊళ్లో ఎవరూ దగ్గరికి రావడం లేదని బక్కమ్మకు చెప్పాడు. ఊరు వద్దన్న పని ఏదైనా ఆమెకు ఇష్టమే. ఆ మధ్యాహ్నమే, ఊరి బయట డాక్టరు దిగిన బడి ముందుకు వెళ్లి, సీసా అడిగి తీసుకుంది, గోళ్లిచ్చింది. డాక్టరు ఆమెను గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు, చేతులు తల వెనక్కి పెట్టమన్నాడు, మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నాడు. బక్కమ్మ వంగి రెండు అరచేతులూ నేలకు ఆనించింది. ఊరి పడుచు కోడండ్లకు కూడా చేతకాని పని అది. డాక్టరు ఆశ్చర్యపోయి, ఏ బావి నీళ్లు తాగుతావమ్మా అని అడిగాడు. చెలిమె నీళ్లన్నది. ఆయన లేచి ఆమె వెంట వాగు దాకా నడిచి వచ్చి, ఆ నీళ్లూ ఒక సీసాలో పట్టుకున్నాడు.

బక్కమ్మే గోళ్లిచ్చిందంటే ఆమెకంటే పెద్ద మంత్రగాడెవడో వచ్చాడని ఊరికి అర్థమైంది. ఇంక దాక్కుని లాభం లేదని మెల్లగా అందరూ వచ్చారు. వరసగా నిలబడి వంగారు. వంగలేక కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. ఐలేశానికి తల కూడా దిగలేదు. బీరన్న వంతు వచ్చింది. ఆయన వంగలేదు.

"నేను ఎవని ముంగట వంగినోణ్ని గాదు. గీ సూదిదొరకు వంగుతనా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. పహిల్వాన్ అంటే అట్లా ఉండాలన్నారు. ఆయన నడకే అంత. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడు కాదు, ఒళ్లంతా తిప్పి చూసేవాడు. దూరంగా నిలబడిన బక్కమ్మ ఆ పొగరు చూసి పండ్లు నూరుకోవడానికి ముందు పండ్లు లేక చిగుళ్లు కొరుక్కుంది.

మళ్లీ వానలు వెనకబట్టాక డాక్టరు వచ్చి ఊరిని బడి ముందు పోగుచేశాడు. నీళ్లలో కంటికి కనబడని ఉప్పులాంటిది ఒకటుందని, లోతు బండలోంచి వచ్చే పహిల్వాన్ బావి నీళ్లలో అది మరీ ఎక్కువని చెప్పాడు. అది ఎముకల్లో చేరి కీళ్లను అతికిస్తుంది. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, కుస్తీ పట్టేవాళ్లు చెమట పోసి నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి వాళ్లకు ముందు వస్తుంది. బక్కమ్మ చెలిమె నీళ్లలో అది చాలా తక్కువ. అతుకుపడిన ఎముకకు మందు లేదు. తాగే నీళ్లు మార్చుకోవడమే మందు.

"ఇది ఎవరూ చేసింది కాదు. నీళ్ల వల్ల వచ్చిన రోగం," అన్నాడు.

ఆయనకు బక్కమ్మ కథ తెలియదు. ఊరికి తెలుసు. ఒక్కసారిగా అందరూ ఆమె వైపు చూశారు.  ఇప్పుడైనా ఒకరు ఒక మాట అంటారని బక్కమ్మ అనుకుంది. మారయ్య దగ్గాడు. పట్టకారు ఇచ్చిన కమ్మరి నేల చూశాడు. బీరన్న ఒళ్లంతా తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడు. జనం వెళ్తుంటే డాక్టరు ఐలేశం కూతురు పుష్పను దగ్గరికి తీసుకుని చూశాడు. అప్పటికి పిల్ల చంకదిగి ఊరంతా ఉరుకుతున్న వయసు. ఈ పిల్లకింకా ఏమీ కాలేదు, ఇప్పుడే నీళ్లు మారిస్తే నిటారుగా పెరుగుతుంది అని తల్లి సాలమ్మతో చెప్పాడు. ఆ మాట బక్కమ్మ చెవిన కూడా పడింది. ఆమె దాన్ని మరిచిపోలేదు.

సర్కారుకు రాస్తామని చెప్పి జీపు వెళ్లిపోయింది. సర్కారు ఎప్పటికి చదువుతుందో సర్కారుకే తెలియాలి. తెల్లారేసరికి ఊరి ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని బక్కమ్మ గుడిసె ముందు నిలబడ్డారు. నిప్పూ నీళ్లూ బందు చేసినవాళ్ల పెండ్లాలే. ఎవరికివారు చెలిమె తవ్వుకోవచ్చు కదా అంటారేమో. తవ్వి చూశారు. మిగతా వాగంతా పైపైనే బండ, ఇసుక పొర నీళ్లు పట్టేంత లోతున్నది ఆమె గుడిసె ముందే.

బక్కమ్మ సొరబుర్ర చేతబట్టుకుని చెలిమె ఒడ్డున కూర్చుంది. ఇంటికొక బిందె ఇస్తానంది. ఒక్క బీరన్న ఇంటికి తప్ప.

"బీరన్న వచ్చి నలుగుర్ల నా కాళ్లు మొక్కాలె. తప్పయిందనాలె. గప్పటిదాకా ఆ ఇంటికి సుక్క పోవద్దు. ఎవరన్న సాటుగ పోసినరని తెలిస్తే వాళ్లకు గూడ బందే. నాకు తెలువదనుకోకుండ్రి, నాకు తెలుస్తది," అంది.

ఆమె బాణామతి చేయదని డాక్టరు చెప్పి వెళ్లాడు. అయినా ఆ చివరి మాటకు ఆడవాళ్లందరికీ ఒళ్లు జలదరించింది. బక్కమ్మ అది చూసింది. తనను ఊరవతల పారేసిన ఆ భయాన్నే ఇప్పుడు కావలి కుక్కలా కట్టేసుకోవచ్చునని ఆమెకు అప్పుడే తోచింది. తాను మంత్రగత్తెను కానని ఇంక ఎవరితోనూ అనలేదు.

సాలమ్మ పుష్పను చంకనెత్తుకుని వచ్చింది. మామ చేసిన పాపానికి పిల్లనెందుకు కాల్చుకు తింటావని ఏడ్చింది. బక్కమ్మ కదలలేదు. మీ మామను పంపు, వంగి మొక్కడమెంతసేపు, మొక్కిన మరుక్షణం నా చేత్తో నేనే నింపుతానంది. సాలమ్మ ఏదో చెప్పబోయి పిల్ల ముఖం చూసి ఆగిపోయింది. ఖాళీ బిందెతో తిరిగి వెళ్లింది.

తర్వాత మారయ్య రాయబారం వచ్చాడు. బీరన్న నోటితో తప్పు ఒప్పుకుంటాడట, కలుపుకున్న పొట్టేలుకు రెండు పొట్టేళ్లిస్తాడట, వంగి మొక్కమని మాత్రం అడగొద్దట. బక్కమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి మారయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. నోటి మాట ఎవడైనా అంటాడు, నాకు కావలసింది ఆ నడుము వంగడం అని చెప్పి పంపేసింది. ఊరికి ఇదొక వినోదమైంది. ఆయన వంగడు, ఈమె వదలదు, చూద్దాం ఎవరు గెలుస్తారో అని అరుగుల మీద కూర్చుని పందాలు కాసుకున్నారు. పందెం కాసిన ఏ మగవాడూ తన వాటాలోంచి ఒక చెంబు నీళ్లు ఆ పిల్లకు పంపలేదు.

అట్లా మూడు ఎండాకాలాలు గడిచాయి. గుట్ట మీదికి మేకలను తోలుకెళ్లినప్పుడు బక్కమ్మకు పహిల్వాన్ బావి కనిపించేది. సాలమ్మ అక్కడ నీళ్లు తోడుతూ కనిపించేది. పక్కన పుష్ప ఆడుకుంటూ కనిపించేది. డాక్టరు అన్న మాట అప్పుడప్పుడు లోపల కలుక్కుమనేది. వెంటనే నోట్లో ఖాళీ జాగాను నాలుకతో తడుముకునేది. పిల్ల మీద అంత ప్రేమ ఉంటే తాతే వస్తాడు, రాలేదంటే ఆ పాపం ఆయనదే అని తనకు తాను సమాధానం చెప్పుకునేది. ఆ సమాధానంతో హాయిగానే నిద్రపోయేది.

ఒకనాటి పొద్దున సాలమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో బిందె లేదు. పుష్పను నడిపించుకుంటూ వచ్చింది. ఆ నడక చూసి బక్కమ్మ చేతిలోని బుర్ర ఆగింది. పిల్ల అడుగు వేసినప్పుడల్లా మోకాళ్లు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పోతున్నాయి.

"చిన్నత్తా, మా మామ వంగడు గాదు. వంగలేడు. నడుమంత ఒక్కటే కట్టెయ్యింది. అన్నం నేనే తినిపిస్తున్న. నీ పండ్లు పీకిననాడే ఆయన నడుము సగం బిగిసింది. పహిల్వాన్ వంగలేడని ఊరు నవ్వుతదని ఎవరికీ చెప్పనియ్యలే," అంది సాలమ్మ.

"మరి నువ్వెందుకు చెప్పలేదే?" అంది బక్కమ్మ.

"గీ పిల్ల తలమీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నడు. ఒట్టు తప్పితే పిల్లకేమన్న అయితదని నోరు మూసుకున్న. గిప్పుడు కానిదేమున్నది, అయ్యింది గద."

 బక్కమ్మకు ముందుగా వచ్చింది జాలి కాదు, అనుమానం. మొక్కకుండా తప్పించుకోవడానికి బీరన్న పన్నిన ఎత్తు ఇది అనుకుంది. కళ్లతో చూస్తే తప్ప నమ్మనని లేచి, పండ్లు పోయిన రోజు తర్వాత మొదటిసారి ఊళ్లోకి నడిచింది. ఆమె వస్తోందన్న మాట ఆమెకంటే ముందు పరుగెత్తింది. బావి దగ్గరికి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. గిలక కట్టిన రాతి స్తంభానికి ఆనుకుని బీరన్న నిలబడి ఉన్నాడు. కూర్చోవడం చేతకాక నిలబడి ఉన్నాడని దగ్గరికి వెళ్లాక తెలిసింది. గొంగడి కింద ఆ పెద్ద ఒళ్లు ఎండిపోయింది. చూపు మాత్రమే ఆమె వైపు తిరిగింది.

"ఇన్నేండ్లకు వచ్చిన బావా. మొక్కు," అంది బక్కమ్మ.

బీరన్న స్తంభం వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. వంగబోయాడు. ముఖం నల్లబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, నడుము మాత్రం వేలెడు కూడా కదలలేదు. ఐలేశం తన బిగిసిన మెడతోనే వచ్చి తండ్రిని పట్టుకోకపోతే నిలువునా ముందుకు పడిపోయేవాడు. పందాలు కాసినవాళ్లెవరూ నవ్వలేదు.

"వంగుతలేదు బక్కమ్మా. నరికినా వంగది," అన్నాడు బీరన్న.

పక్కనే పశువులు తాగే రాతి తొట్టి ఉంది, ఆయన నడుమెత్తు. బక్కమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని రాయి పట్టుకుని దాని మీదికి ఎక్కింది. అంచు మీద పాదాలు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు అందుతయి. మొక్కు," అంది.

ఎవరో ఆడమనిషి వద్దు బక్కమ్మా అంది. బీరన్న మాత్రం వద్దనలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఆమె పాదాల మీద పెట్టాడు.

"తప్పయింది. నువ్వేం చెయ్యలే. నీ పండ్లు పీకిన పాపం నాది," అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

పగ తీరితే ఏమీ మిగలదని చెప్పేవాళ్లు ఎప్పుడూ పగ పట్టి ఉండరు. బక్కమ్మకు ఆ క్షణం తీపిగానే ఉంది. ఒళ్లంతా చల్లబడింది. ఇన్నేళ్లు గడ్డకట్టిన ఉసురు ఒక్కసారిగా బయటికి పోయింది. మారయ్య తల దించుకోవడం చూసింది, కమ్మరి ముఖం తిప్పుకోవడం చూసింది. అందరూ తన కాళ్ల కిందనే ఉన్నారు. ఇంకొంచెంసేపు అక్కడే నిలబడాలనిపించింది.

జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ పుష్ప వచ్చింది. వాగు దగ్గర బయలుదేరిన పిల్ల అప్పటికి చేరింది. తాత చేతులు తీయగానే ఆ జాగాలోకి వచ్చి, తొట్టి మీది పాదాలకు తన రెండు చేతులూ ఆనించి, తల పైకెత్తి చూసింది.

"అవ్వా, నేను గూడ మొక్కిన. మాకు నీళ్లిస్తవా?"

బక్కమ్మ ఆ మోకాళ్ల వైపు చూసింది. తాత వంగలేకపోయాడు సరే. తాను వద్దన్న ప్రతి బిందె ఈ మోకాళ్లలోనే ఉంది. డాక్టరు ముందే చెప్పాడు, తాను విన్నది, విని కూడా ఇవ్వలేదు. ఇందులో బీరన్న మీద తోయడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లు బీరన్న కోసం పెంచుకున్న కసి అంతా తిరిగి తన మీదికే వచ్చి పడింది. మొక్కడానికి ఈ పిల్ల కాళ్లు తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించలేదు.

ఆమె తొట్టి దిగింది. ఊరంతా చూస్తుండగా, అరచేతులు నేలకు ఆనేదాకా వంగి, ఆ ఎడంపోయిన పాదాలు రెండూ పట్టుకుంది. పిల్ల బెదిరి తల్లి వెనక్కి వెళ్లింది. బక్కమ్మ లేచి, బావి గట్టున ఉన్న ఒక ఖాళీ బిందె చంకకెత్తుకుని చెలిమె వైపు నడిచింది.